చంపనిది లెక్కలోకి రాదా?

పురుగుమందు డబ్బా మీద మూలకోణంపై నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఏదో ఒక రంగు. చదువురాని రైతుకు సైతం ప్రమాదం తెలియాలన్న ఉద్దేశంతో 1971 నాటి కీటకనాశినుల నియమాలు ఈ ఏర్పాటు చేశాయి. ఉద్దేశం మంచిదే. అయితే ఆ రంగు దేనికి గుర్తు? ప్రయోగశాలలో జంతువులకు ఆ మందు ఎంత మోతాదులో పట్టిస్తే వాటిలో సగం చచ్చిపోతాయో, ఆ లెక్కకు గుర్తు. నోటి ద్వారా అయితే శరీర బరువులో కిలోకు 50 మిల్లీగ్రాముల లోపు ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం ద్వారా అయితే మరో వరుస అంకెలు. అవీ చావు అంకెలే.

అదే మందు కంట్లో చింది పడితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఒక ద్రావణం కార్నియాను శాశ్వతంగా మసకబార్చగలదే అనుకుందాం. ఎలుకను చంపడానికి అది మోతాదు ఎక్కువ పట్టే పదార్థమైతే చాలు, ఆకుపచ్చ రంగుతో అంగట్లో దర్జాగా కూర్చుంటుంది. లోపలి కరపత్రంలో, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాలలో, కళ్ళకు తగలనీయరాదన్న వాక్యం ఉండవచ్చు. గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. రిజిస్ట్రేషను కోసం కంపెనీ సమర్పించే పత్రాలలో కుందేలు చర్మం మీద, కుందేలు కంట్లో జరిపిన పరీక్షల ఫలితాలు కూడా ఉంటాయి. అంటే ఆ సమాచారం ప్రభుత్వం చేతిలో ఉన్నది. చతురస్రంలోని రంగుదాకా మాత్రం అది రాలేదు.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొట్టిన రైతులు, కూలీలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. ఇరవై మంది వరకు చనిపోయారు. దేశం ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుంది, చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. అదే వార్డులలో చూపు మసకబారి, కళ్ళకు కట్లు కట్టుకొని పడుకున్నవారి సంఖ్య ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. వారు చనిపోలేదు కదా!

నా ఆరోపణ ఇదే. మన రాజ్యం దగ్గర రసాయన ప్రమాదాన్ని కొలిచే కొలబద్ద ఒక్కటే ఉన్నది, అది చావు. బతికి ఉండి చర్మం పోగొట్టుకున్నవాడికి, చూపు పోగొట్టుకున్నవాడికి ఆ కొలబద్ద మీద గీత లేదు. ఇది అజ్ఞానం వల్ల జరిగిందని నేను నమ్మను. ఎందుకంటే కొలిచే విద్య మనకు తెలుసు, కొలిచే ప్రయోగశాలలు మన దేశంలో ఉన్నాయి, కొలిచిన ఫలితాలు మన కంపెనీల అలమారాలలోనే ఉన్నాయి.

ముందు ఆ విద్య ఏమిటో చూద్దాం. రసాయనం తగిలినప్పుడు కార్మికుడు 'మంట' అనే ఒక్క మాట అంటాడు. శాస్త్రం ఆ ఒక్క మాటను విడదీస్తుంది. నాలుగు గంటల లోపు చర్మానికి తగిలిన పదార్థం ఎరుపు, వాపు, పొక్కులు తెప్పించి, కొన్నాళ్ళకు చర్మం మళ్ళీ మామూలు స్థితికి వస్తే అది మండించే పదార్థం. పైపొరను దాటి లోపలి పొరదాకా కణజాలాన్ని చంపి, మచ్చ మిగిల్చితే అది తినివేసే పదార్థం. తినివేసే వాటిలో కూడా మూడు నిమిషాలలోనే పని పూర్తిచేసేవి వేరు, గంట పట్టేవి వేరు, నాలుగు గంటలు పట్టేవి వేరు. కంటి విషయంలో గడువు 21 రోజులు. అప్పటికి గాయం పూర్తిగా మానితే ఒక వర్గం, మానకపోతే అంతకంటె పై వర్గం. ఆ పై వర్గం పేరు తీవ్ర నేత్రహాని. ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన ప్రపంచ సమన్వయ వర్గీకరణ విధానం సారాంశం ఇదే. దీన్ని అంతర్జాతీయంగా జీహెచ్‌ఎస్ అంటారు.

ఈ వర్గీకరణకు ప్రతిసారీ పెద్ద ప్రయోగం అవసరం లేదు. పీహెచ్ 2 లేదా అంతకంటె తక్కువ, 11.5 లేదా అంతకంటె ఎక్కువ అయితే, వేరే ఆధారం లేనంతవరకు దాన్ని తినివేసే పదార్థంగానే పరిగణించాలని ఆ విధానం చెబుతుంది. అందుకు కావలసిన పరికరం లిట్మస్ కాగితానికి దగ్గరి చుట్టం. కంటికి ఆమ్లం కంటె క్షారం ఎక్కువ ద్రోహి అన్నది మరో ముఖ్యమైన సంగతి. ఆమ్లం తగిలినచోట మాంసకృత్తులు గడ్డకట్టి, ఆ గడ్డే లోపలికి దిగకుండా కొంత అడ్డుపడుతుంది. క్షారం కణాల కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోలోపలికి దిగుతూనే ఉంటుంది. అందుకే యాసిడ్ అంటే భయపడే మనిషి కాస్టిక్ సోడా రేకులను, తడి సున్నాన్ని వట్టి చేతులతో ఎత్తుతాడు. పట్టుకున్న క్షణంలో నొప్పి ఉండకపోవచ్చు. ప్రమాదం ఎంతటిదో నొప్పి వెంటనే చెప్పదు గనుకనే లేబుల్ కావాలి.

ఈ గాయాల గురించి హైదరాబాదుకు తెలిసినంత బహుశా ప్రపంచంలో మరే నగరానికీ తెలియదు. కార్నియా అంచున ఉండే మూలకణాలు రసాయనం వల్ల చనిపోతే, రెండో కంటినుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలుగా చేసి గాయపడిన కంటిమీద నాటే శస్త్రచికిత్సను ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు రూపొందించి 2012లో ప్రకటించారు. ఈనాడు ఇతర దేశాల వైద్యులు సైతం ఆ పద్ధతిని అనుసరిస్తున్నారు. గర్వించవలసిన విషయమే. కాని అటువంటి చికిత్స ఇక్కడే ఎందుకు పుట్టిందో కూడా ఆలోచించాలి. సున్నం ప్యాకెట్టు నొక్కితే పగిలి కళ్ళలో పడ్డ పసిపిల్లలు, పనిలో కళ్ళు కాల్చుకున్న కూలీలు మన కంటి ఆసుపత్రులకు వరుస కట్టారు గనుక పుట్టింది. రెండో కన్ను బాగుంటేనే ఆ చికిత్స సాధ్యం. రెండు కళ్ళూ పోయినవాడి సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు చట్టానికి వద్దాం. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు 1989లో వచ్చాయి. భోపాల్ చితులు ఆరకముందే రాసిన నియమాలవి. ఏది ప్రమాదకర రసాయనమో నిర్ణయించే ప్రమాణాలు మొదటి షెడ్యూలు మొదటి భాగంలో ఉన్నాయి. విషపూరితమా, మండే స్వభావం ఉందా, పేలుతుందా? ఈ మూడే ప్రశ్నలు. విషపూరితమా అన్నదానికి మళ్ళీ అవే చావు అంకెలు, అంటే నోటి ద్వారా ఎంత, చర్మం ద్వారా ఎంత, ఊపిరి ద్వారా ఎంత అని. చర్మం ద్వారా అన్నచోట కూడా అడిగేది చర్మం సంగతి కాదు. చర్మంగుండా లోపలికి పోయి జంతువును చంపే మోతాదు సంగతి. చర్మం వాళ్ళకు ఒక గుమ్మం మాత్రమే. రెండో భాగంలో 684 పేర్ల జాబితా ఉంది, అందులో తినివేసే పదార్థాల పేర్లు కొన్ని ఉన్నాయి, సరే. జాబితాలో పేరు లేని కొత్త రసాయనం వస్తే మొదటి భాగంలోని మూడు ప్రశ్నలే శరణ్యం. పీపా మీద లేబుల్‌లో ఏముండాలో కూడా అవే నియమాలు చెప్పాయి: లోపలి పదార్థం పేరు, తయారీదారు చిరునామా, మొదటి భాగం ప్రమాణాల ప్రకారం సమాచారం. ఆ ప్రమాణాలలో కన్ను లేదు. కాబట్టి లేబుల్ మీద కూడా కన్ను ఉండవలసిన అవసరం లేదు.

భోపాల్ తరువాత రాసిన నియమాలలో కన్ను లేకపోవడం! 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి ఆ నగరం నిద్రలేచింది కళ్ళ మంటలతోనే. మిర్చి కాల్చినట్లుందని లేచి, కళ్ళు తెరవలేక, ఎటు పరుగెత్తుతున్నారో తెలియక గ్యాస్ వీస్తున్న దిక్కుకే పరుగెత్తినవారు ఉన్నారు. హమీదియా ఆసుపత్రి ఆవరణలో కళ్ళ మీద తడి దూది పెట్టుకొని కూర్చున్న వరుసల చిత్రాలు ప్రపంచమంతా చూసింది. మిథైల్ ఐసోసైనేట్ కళ్ళను ఏమి చేస్తుందో ఆనాటికి తెలియని రహస్యమా? అంతకు 20 ఏళ్ళు ముందే, 1964లో, జర్మనీలో కిమ్మర్లే, ఎబెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన నలుగురు మనుషుల మీద పరీక్షించి ప్రచురించారు. గాలిలో పది లక్షల వంతులకు 2 వంతులుంటే కళ్ళనుంచి నీళ్ళు కారతాయి, 4 వంతులకు మంట పెరుగుతుంది, 21 వంతుల దగ్గర మనిషి నిలబడలేడు. ఈ అంకెలు జర్మన్ భాషలో ఒక పత్రికలో ఉన్నాయి. భోపాల్ వైద్యుల బల్ల మీద లేవు. గ్యాస్ ప్రాణాంతకం కాదు, కళ్ళు మండిస్తుందంతే అని కర్మాగారం తరఫు వైద్యుడు ఆ ఉదయం చెప్పినట్లు ఆనాటి కథనాలు నమోదు చేశాయి. 'కళ్ళు మండిస్తుందంతే' అన్న ఆ మాటలోని తేలికభావం భోపాల్‌తో అంతరించలేదు. అది 1989 నియమాలలోకి నడిచి వచ్చింది.

పక్షపాతం లేకుండా ఒక సంగతి చెప్పాలి. రోడ్డు మీద వెళ్ళే ట్యాంకరుకు మన మోటారు వాహనాల నియమాలలో తినివేసే పదార్థం గుర్తు ఉంది. ద్రవం పడి కరిగిపోతున్న చేయి బొమ్మ మీరూ చూసి ఉంటారు. ఆ ట్యాంకరు కర్మాగారం గేటు దాటి లోపలికి వెళ్ళి, ద్రవాన్ని పీపాలలోకి, పీపాలనుంచి డబ్బాలలోకి, డబ్బాలనుంచి ప్లాస్టిక్ మగ్గులోకి దింపుకుంటూ పోయేకొద్దీ ఆ చేయి బొమ్మ మాయమవుతుంది. చివరి మగ్గు పట్టుకునేవాడు కాంట్రాక్టరు పంపిన మనిషి. అతని పేరు హాజరు పుస్తకంలో ఉంటే అదృష్టమే.

గాయమైన తరువాతి కథ ఇంకా విచిత్రం. రసాయనాలు, పెయింట్లు నేరుగా తగలడంవల్ల వచ్చే చర్మవ్యాధిని ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ప్రకటించదగ్గ వ్యాధిగా చేర్చారు. మండించే పదార్థాలు, ఎలర్జీ కలిగించే పదార్థాలు అని రెండు రకాల వివరణ కూడా రాశారు. అంటే చట్టం రాసినవారికి సంగతి పూర్తిగా తెలుసు. ఆ చట్టం కింద వ్యాధి చూసిన వైద్యుడు ప్రధాన తనిఖీ అధికారికి తెలపవలసి ఉండేది, తెలపకపోతే జరిమానా 1000 రూపాయల దాకా ఉండేది. ఎంతమంది వైద్యులు ఆ జరిమానా కట్టారో పాఠకులు ఊహించుకోవచ్చు. చేతులు పగిలిన కూలీకి వీధి చివర మందుల దుకాణంవాడు పసుపురంగు గొట్టంలోని స్టెరాయిడ్ పూత ఇస్తాడు. నాలుగు రోజులకు ఎరుపు తగ్గుతుంది, అతడు మళ్ళీ అదే మగ్గు పట్టుకుంటాడు. రికార్డుల ప్రకారం దేశంలో చర్మవ్యాధి లేదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. అందులో వృత్తిపర భద్రత స్మృతి ఫ్యాక్టరీ అనే మాటకు నిర్వచనం మార్చింది. విద్యుత్తు వాడేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు 20 మంది ఉండాలి. విద్యుత్తు లేనిచోట 20 కాస్తా 40 అయింది. పదిహేను మందితో నడిచే ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డులో క్రోమిక్ ఆమ్లం తొట్టె ముందు నిలబడేవాడి చర్మం పాత చట్టం కింద ఫ్యాక్టరీ కార్మికుడి చర్మం. కొత్త నిర్వచనం కింద మరేదో. ప్రమాదకర పనులకు ప్రత్యేకంగా వర్తింపజేసే అధికారం కేంద్రానికి ఉన్నదని సమర్థకులు అంటారు. అధికారం ఉండడం, దాన్ని వినియోగించడం ఒకటి కాదని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఈ రసాయనాలు కంటికి, చర్మానికి ఏమి చేస్తాయో కనుక్కోవడానికి ఖర్చు అవుతుందనీ, చిన్న పరిశ్రమలు తట్టుకోలేవనీ ఒక వాదన ఢిల్లీ సమావేశ మందిరాలలో ఏళ్ళుగా వినిపిస్తున్నది. దీన్ని నిదానంగా పరిశీలించాలి. రసాయన పరిశ్రమలో ప్రపంచంలో మనది ఆరో స్థానమని ప్రభుత్వమే ప్రతి సదస్సులోనూ చాటుకుంటుంది. ఆ ఉత్పత్తిలో గణనీయమైన భాగం ఐరోపాకు పోతుంది. ఐరోపా సమాఖ్య రీచ్ నిబంధన 2007 జూన్ 1 నుంచి అమలులో ఉంది. సంవత్సరానికి 1 టన్ను దాటిన ఏ పదార్థమైనా అక్కడ రిజిస్టరు కావాలి. ఆ మొదటి మెట్టులోనే, 1 టన్ను దగ్గరే, చర్మానికి ఏమవుతుంది, కంటికి ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు సమర్పించాలి. వాపీ, అంకలేశ్వర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడలనుంచి ఎగుమతి చేసే కంపెనీలు అక్కడ ఒక ప్రతినిధిని నియమించుకొని ఈ జవాబులు ఇస్తూనే ఉన్నాయి. సమాఖ్యలో అమ్మే లేబుల్ ఆయా దేశపు అధికార భాషలో ఉండాలన్నది వారి చట్టం. కాబట్టి మన ఊరి పీపా లిస్బన్‌లో దిగితే పోర్చుగీసులో మాట్లాడుతుంది, హెల్సింకిలో దిగితే ఫిన్నిష్‌లో మాట్లాడుతుంది. ఆ పీపాను నింపి, మూత బిగించి, భుజం మీదికి ఎత్తినవాడికి తెలుగులోనో గుజరాతీలోనో ఒక్క ముక్క చెప్పదు.

పరీక్ష జరిగింది, ఖర్చు పెట్టారు, ఫలితం వచ్చింది, లేబుల్ కూడా తయారైంది. మిగిలింది అనువాదం ఖర్చు. దానికి చిన్న పరిశ్రమల కన్నీళ్ళను అడ్డుపెట్టడం సిగ్గుచేటు.

దేశీయ మార్కెట్టుకే తయారుచేసే చిన్న కర్మాగారాల మాట నిజంగా వేరే ఆలోచించవలసిందే. అయితే వాటిలో అధికభాగం వాడేవి ఏ రసాయనాలు? సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా, ఫార్మాల్డిహైడ్, అమోనియా, బ్లీచింగ్ పొడి. వీటిలో ఒక్కదాని గురించి కూడా కొత్తగా కనుక్కోవలసింది లేదు. వంద ఏళ్ళ వైద్య గ్రంథాలు నిండా ఉన్నది. ఐరోపా రసాయనాల సంస్థ వెబ్‌సైటులో వీటి వర్గీకరణను ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. ప్రభుత్వం తలచుకుంటే ఒక జాబితా ప్రచురించి, ఇదిగో వర్గం, ఇదిగో గుర్తు, ఇదిగో తెలుగు వాక్యం అని ఇచ్చేయవచ్చు.

రెండో వాదన మూగజీవాల పేరున వస్తుంది. పరీక్షలు తప్పనిసరి చేస్తే కుందేళ్ళు బలవుతాయని కొందరు జంతుప్రేమికులు నిజాయతీగా ఆందోళన చెందుతారు. వారి ఆందోళనను పరిశ్రమ అవసరానికి అరువు తెచ్చుకుంటుంది. ఈ పరీక్ష చరిత్ర తెలిస్తే ఈ వాదన నిలవదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థలో పనిచేసిన జాన్ డ్రెయిజ్, సహచరులతో కలిసి 1944లో ప్రకటించిన పద్ధతి ఇది. కుందేలు కంట్లో 0.1 మిల్లీలీటరు పోసి, రోజుల తరబడి కార్నియా మసకను, ఎరుపును చూసి మార్కులు వేస్తారు. క్రూరత్వం ఒక ఎత్తయితే, ఆ మార్కుల నిలకడలేనితనం ఇంకొక ఎత్తు. ఒకే పదార్థాలను వేర్వేరు ప్రయోగశాలలకు పంపి చూసిన 1971 నాటి వైల్, స్కాలా అధ్యయనంలో ఒకచోట నిరపాయమన్నది మరొకచోట తీవ్రమని తేలింది. 1980లో అమెరికాలో హెన్రీ స్పైరా సౌందర్య సాధనాల కంపెనీలమీద నడిపిన ఉద్యమంతో పరిశ్రమే ప్రత్యామ్నాయాలకు డబ్బు పెట్టక తప్పలేదు.

ఈనాడు ఆ ప్రత్యామ్నాయాలు పరిణతి చెందాయి. మానవ చర్మకణాలను ప్రయోగశాలలో పొరలుగా పెంచి, వాటిమీద రసాయనం వేసి, ఎన్ని కణాలు బతికాయో కొలిచే పద్ధతిని ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2010లో ప్రామాణికంగా స్వీకరించింది. కంటికి కబేళాలో లభించే పశువుల కార్నియా మీద, కోళ్ళ కళ్ళ మీద చేసే పద్ధతులు 2009లో, పెంచిన మానవ కార్నియా కణజాలం మీద చేసే పద్ధతి 2015లో వచ్చాయి. 2016లో ఐరోపా తన నిబంధన సవరించి, చర్మ, నేత్ర పరీక్షలకు జంతువు లేని పద్ధతులనే మొదటి మార్గం చేసింది. మన దేశమో, పరీక్షా ఫలితాల పరస్పర అంగీకార వ్యవస్థలో 2011లోనే పూర్తి సభ్యత్వం పొందింది. మన ధృవీకృత ప్రయోగశాల ఇచ్చిన ఫలితాన్ని ప్యారిస్, టోక్యో కాదనలేవు. అదే ఫలితాన్ని అడిగే చట్టం ఢిల్లీలో లేదు!

2014లో భారతదేశం సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలను నిషేధించింది, అలా పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా ఆపింది. దక్షిణాసియాలో మనమే ముందని అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా మెచ్చుకుంటున్నాను. కాని ఆ చట్టానికి ఒక నేపథ్యం ఉంది. సౌందర్య సాధనం భద్రమైనదని తేల్చే బాధ్యత అంతకుముందే కంపెనీమీద ఉన్నది. నిషేధం ఆ బాధ్యతను జంతువు లేకుండా నెరవేర్చమన్నది. ముఖానికి క్రీము రాసుకునే వినియోగదారుకు ఆ హామీ ఉన్నది. ఆ క్రీముకు వాడే ముడి రసాయనాన్ని పీపాలో కలిపే మనిషికి అటువంటి హామీ ఏదీ? 2013లో సుప్రీంకోర్టు లక్ష్మీ కేసులో యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు విధించింది. అది ఎంతో అవసరమైన తీర్పు. ఒకరు ఇంకొకరి ముఖం మీద పోసినప్పుడు ఆమ్లం ఏమి చేస్తుందో రాజ్యం గుర్తించింది. రోజూ దాన్ని ఒక పాత్రనుంచి ఇంకొక పాత్రలోకి పోసేవాడి విషయంలో గుర్తింపు ఇంకా రాలేదు.

ఏ ప్రయోగశాల అక్కరలేని ఉదాహరణ ఒకటి చెబుతాను. తడి సిమెంటు పీహెచ్ 12 నుంచి 13. జీహెచ్‌ఎస్ గీసిన 11.5 గీతకు పైనే. మోకాళ్ళ మీద కూర్చొని గచ్చు చేసే మేస్త్రీకి సాయంత్రానికి మోకాలి చిప్పల మీద చర్మం ఊడివస్తుంది. దానికి తోడు సిమెంటులో నీటిలో కరిగే షట్సంయోజక క్రోమియం జాడలు ఉంటాయి. అది ఒకసారి ఎలర్జీ తెప్పిస్తే జీవితాంతం వదలదు. వేలి సందుల్లో పగుళ్ళతో పని మానుకున్న తాపీ పనివారు మన ప్రతి ఊరిలోనూ ఉన్నారు. దీనికి విరుగుడు అతి చౌక. ఫెర్రస్ సల్ఫేటు కాస్త కలిపితే ఆ క్రోమియం కరగని రూపంలోకి మారుతుంది. డెన్మార్క్ 1983లోనే చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య 2005 నుంచి పది లక్షల వంతులకు 2 వంతులు మించి ఆ క్రోమియం ఉన్న సిమెంటు అమ్మకాన్నే ఆపింది. చైనా తరువాత ప్రపంచంలో ఎక్కువ సిమెంటు తయారుచేసేది మనమే. మన బస్తా మీద గ్రేడు ఉంటుంది, తయారైన వారం ఉంటుంది, ఐఎస్‌ఐ గుర్తు ఉంటుంది, ధర ఉంటుంది. గోడ ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలుసుకోవడానికి కావలసిన సమస్త సమాచారమూ ఉంటుంది. గోడ కట్టేవాడి చేతుల గురించి పెద్ద అక్షరాలలో ఏముందో ఒకసారి తిప్పి చూడండి.

ఇది కేవలం భారతదేశపు జబ్బు అనుకోవద్దు, ఉపఖండమంతటిదీ. బంగ్లాదేశ్‌లోని సీతాకుండలో 2022 జూన్ 4 రాత్రి కంటైనర్ డిపోలో మంటలు లేచాయి. అగ్నిమాపక దళం మామూలు మంటలనుకొని వెళ్ళింది. లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు, పీపాలు కూడా చెప్పలేదు. పేలుడులో అగ్నిమాపక సిబ్బంది సహా 50 మంది వరకు మరణించారు. గాయపడినవారిలో కళ్ళు దెబ్బతిన్నవారు అనేకులు. మన విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం ప్రజలు స్టైరీన్ వాసనకు లేచి పరుగెత్తారు. 12 మంది చనిపోయారు. స్టైరీన్ కంటినీ చర్మాన్నీ మండించే పదార్థమని ఐరోపా లేబుల్ ఏనాటినుంచో చెబుతున్నది. గోడ అవతలి కర్మాగారంలో వేల టన్నుల స్టైరీన్ ఉన్నదని, అది తగిలితే కళ్ళు కడుక్కోవలసిన పద్ధతి ఇదని ఆ ఊరికి ముందుగా ఒక కాగితం పంచి ఉంటే ఎంత ఖర్చయ్యేది? పది నిమిషాలు, పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్ళతో కడగాలన్న ఒక్క వాక్యం ఎన్నో కళ్ళను కాపాడగలదు. అటువంటి వాక్యానికి కావలసిన ధైర్యం మన పరిశ్రమల శాఖలకు లేదు, ఎందుకంటే ఆ వాక్యం పంచితే గోడ అవతల ఏముందో ఒప్పుకోవలసి వస్తుంది.

1989 నియమాలకు బదులుగా రసాయనాల నిర్వహణ, భద్రత నియమాల ముసాయిదా 2020నుంచి చేతులు మారుతూ ఉంది. జీహెచ్‌ఎస్ వర్గీకరణ, లేబుల్, సంవత్సరానికి 1 టన్ను దాటిన పదార్థాల వివరాల నమోదు అన్నీ అందులో ఉన్నాయి. ముసాయిదా తరువాత ముసాయిదా వచ్చింది, పరిశ్రమ సంఘాల అభ్యంతరాల తరువాత అభ్యంతరాలు వచ్చాయి, అంతిమ నోటిఫికేషను రాలేదు. 2002లో జొహానెస్‌బర్గ్ సదస్సులో 2008 నాటికి జీహెచ్‌ఎస్ అమలు చేయాలని ప్రపంచ దేశాలన్నీ అంగీకరించాయి, మనమూ తలూపాము. చైనా చేసింది. వియత్నాం, మలేసియా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ చేశాయి. వాటి పరిశ్రమలేమీ మూతపడలేదు. ఈ మధ్యకాలంలో మన రసాయన శాఖ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు పుంఖానుపుంఖాలుగా ఇచ్చింది. వాటితో సరుకు స్వచ్ఛత ఎంతో తేలుతుంది, దిగుమతులు తగ్గుతాయి. కార్మికుడి చేతి సంగతి వాటిలో ఏ ఉత్తర్వూ అడగలేదు. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు. ఈ విషయంలో అధికారపక్షానికీ ప్రతిపక్షానికీ ఏకాభిప్రాయం ఉన్నట్లున్నది. 1989 నుంచి 2014 వరకు పాలించినవారికి ఈ మాట గుచ్చుకుంటే గుచ్చుకోనీండి.

ఆ ముసాయిదా ఢిల్లీలో ఉంది. లోక్‌సభలో రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 42 మంది సభ్యులున్నారు. జీడిమెట్లనుంచి పరవాడ వరకు ఈ పీపాలు మోసేవారి ఓట్లతో గెలిచినవారు వారిలో ఉన్నారు. వచ్చే సమావేశాలలో వారిలో ఒక్కరు లేచి ఒక్క ప్రశ్న వేయాలి: రీచ్ కింద భారతీయ కంపెనీలు ఐరోపాకు సమర్పించిన చర్మ, నేత్ర సమాచారాన్ని అదే కంపెనీల కార్మికులకు వారి భాషలో ఇవ్వాలని ఏ ఉత్తర్వు అయినా ఉన్నదా, లేకపోతే ఏ తేదీనాటికి ఇస్తారు? జవాబులో తేదీ ఉండాలి. 'పరిశీలనలో ఉన్నది' అన్న మాట వస్తే, అనుబంధ ప్రశ్నకు అవకాశం ఉంటుంది. దాన్ని వదులుకోవద్దని మనవి.